ఫైలు అందింది, పాఠం అందలేదు: ఆన్‌లైన్ చదువు ఎవరి దగ్గర ఎందుకు ఆగిపోతోంది?

విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక చిన్న గదిలో కూర్చుని డీఎస్సీకి తయారయ్యేవాళ్లకు ఆన్‌లైన్‌లో సోషల్ చెబుతుంటాను. కొన్నాళ్ల కిందట ఒక బ్యాచ్‌లో చూపు లేని అమ్మాయి చేరింది. మొదటి వారం అందరికీ పంపినట్టే ఆమెకీ నోట్సు పీడీఎఫ్ పంపాను. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది. "మాస్టారూ, ఫైలొచ్చిందండి. కానీ లోపల తెలుగు లేదు. ఏవో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు చదువుతోంది" అంది. నా ల్యాప్‌టాప్‌లో తెరిచి చూస్తే ముత్యాల్లాంటి తెలుగు. అదే మాట చెప్పాను. ఆమె తన ఫోన్ స్పీకర్ పెట్టి వినిపించింది. డాలర్, కామా, క్యాపిటల్ ఎస్, మళ్లీ కామా. పది సెకన్లు కూడా వినలేకపోయాను. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆ ఫైల్లో తెలుగు లేదు.

ఎందుకు లేదో కాసేపట్లో చెబుతాను. అసలీ విషయం గురించి ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు పరీక్ష కంప్యూటర్ మీదే జరిగింది. కోచింగ్ సగం ఫోన్‌లోకి వచ్చేసింది, డిగ్రీలు కూడా ఆన్‌లైన్‌లో చేస్తున్నారు. అదే ఏడాది ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలను అందుకోగలగడం జీవించే హక్కులో భాగమని చెప్పింది. అప్పటి నుంచి తోటి మాస్టార్లు, కాలేజీల్లో పనిచేసే మిత్రులు నన్ను అడుగుతున్న ప్రశ్నలు దాదాపు ఒకటే. యాక్సెసిబిలిటీ అంటే అసలేమిటి? ఎవరికోసం? ఎంత చేస్తే సరిపోతుంది? ఎవరు చేయాలి?

ఉండడం వేరు, అందడం వేరు

చిక్కు మాట దగ్గరే మొదలవుతుంది. తెలుగులో 'అందుబాటులో ఉంది' అంటే దొరుకుతుంది అని అర్థం. వీడియో యూట్యూబ్‌లో ఉంది, నోట్సు గ్రూపులో ఉంది, కాబట్టి అందరికీ అందుబాటులో ఉన్నట్టే అనుకుంటాం. యాక్సెసిబిలిటీ అడిగేది ఆ తరవాతి మాట: దొరికినదాన్ని ఆ విద్యార్థి వాడుకోగలుగుతోందా? చేతికందింది నోటికందకపోవడం అంటాం చూడండి, సరిగ్గా అదే తేడా.

ప్రపంచమంతా ఇందుకు వాడే కొలబద్ద ఒకటుంది. వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ అనే సంస్థ ఇచ్చిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాలు. మొదటిది 1999లో వచ్చింది, 2023 అక్టోబరులో వచ్చిన 2.2 ఇప్పుడు నడుస్తోంది. అందులో పేజీల కొద్దీ నియమాలున్నా, వాటికి మూలం నాలుగు ప్రశ్నలే. విషయం కంటికో చెవికో వేలికో, ఏదో ఒక దారిలో తెలుస్తోందా? మౌస్ లేకపోయినా నడపగలమా? చదివితే అర్థమవుతుందా? రకరకాల ఫోన్లలో, స్క్రీన్ రీడర్లలో పనిచేస్తుందా? స్క్రీన్ రీడర్ అంటే తెరమీది అక్షరాలను పైకి చదివే సాఫ్ట్‌వేర్. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనీ, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ అనీ ముందే ఉంటుంది. విండోస్ కంప్యూటర్‌కు ఎన్‌వీడీఏ అనేది ఉచితంగా దొరుకుతుంది. అంటే చదివే సాధనం చాలామంది దగ్గర ఉంది. చదవదగిన ఫైలే లేదు.

విభిన్న అవసరాలు అంటే ఎవరి అవసరాలు

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అంతకుముందు 1995 చట్టంలో ఉన్నవి 7 మాత్రమే. కొత్తగా చేరినవాటిలో చదువుకు నేరుగా సంబంధించినవి ఉన్నాయి: చదవడం, రాయడం కష్టమయ్యే డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలు, ఆటిజం, కండరాల క్షీణత. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వైకల్యం ఉన్నవారు 2 కోట్ల 68 లక్షలు, అంటే జనాభాలో 2.21 శాతం అని తేలింది. ఆ లెక్క తీసింది పాత నిర్వచనాలతో. ఇప్పటి 21 రకాలూ పూర్తిగా అందులోకి రాలేదు.

కానీ పాఠం అందనివాళ్లు వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉన్నవాళ్లే కాదు. నా బ్యాచ్‌లోనే చూస్తాను. నెలల పసిబిడ్డను పక్కన పడుకోబెట్టుకుని రాత్రి పదకొండుకు పాఠం వినే తల్లి ఉంది, ఆమెకు సౌండు పెట్టే వీల్లేదు. పాడేరు దాటి లోపలి ఊరి నుంచి చదివే కుర్రాడున్నాడు. అతని ఇంటి భాష కువి, తెలుగు బడిలో నేర్చుకున్నాడు, సిగ్నల్ దొరికేది ఊరి చివర గట్టు మీద. గాజువాకలో ఫ్యాక్టరీ డ్యూటీ చేసి షిఫ్టు దిగాక వినేవాళ్లున్నారు. చట్టం దృష్టిలో వీళ్లెవరికీ వైకల్యం లేదు. పాఠం మాత్రం వీళ్లకీ ఎక్కడో ఒకచోట ఆగిపోతోంది.

ఇక్కడే ఒక అపోహను పక్కన పెట్టాలి. కొందరు చూసి నేర్చుకునే రకం, కొందరు విని నేర్చుకునే రకం అని టీచర్ ట్రైనింగుల్లో చెబుతుంటారు. అలా పిల్లలను విడగొట్టి ఆ రకానికి తగ్గట్టు బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి గట్టి ఆధారం లేదు. చూపు లేని విద్యార్థికి ఆడియో కావాలన్నది అభిరుచికి సంబంధించిన మాట కాదు. ఆమెకు ఉన్న దారి అది. రెండింటినీ కలిపేస్తే అవసరం కాస్తా ఇష్టంలా కనిపించి వెనక్కి వెళ్లిపోతుంది.

తెలుగు పీడీఎఫ్‌లో తెలుగు ఎందుకు ఉండదు

ఇక నా నోట్సు సంగతి. కంప్యూటర్ అక్షరాన్ని బొమ్మగా దాచుకోదు, నంబరుగా దాచుకుంటుంది. ఆ నంబరుకు కంటికి కనిపించే రూపం తొడిగేది ఫాంటు. తెలుగునాట డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అలవాటైన అను వంటి పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ ఉన్న నంబర్లకే తెలుగు రూపాలు తొడిగారు. అప్పట్లో వేరే దారి లేదు. పుస్తకం అచ్చు వేయడానికి అది చక్కగా సరిపోయింది కూడా. కాగితం మీదకు వెళ్లేది రూపమే కదా. స్క్రీన్ రీడర్ రూపాన్ని చూడదు. వెనక ఉన్న నంబరు చదువుతుంది. మనకు 'విశాఖ' అని కనిపించిన చోట దానికి దొరికేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల వరస.

యూనికోడ్ ఈ చిక్కు తీర్చింది. అందులో ప్రతి తెలుగు అక్షరానికి తనదైన నంబరు ఉంటుంది. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. మనం వాట్సాప్‌లో కొట్టే తెలుగంతా యూనికోడే. కానీ డీటీపీ ఆపరేటర్ల వేళ్లకు పాత కీబోర్డు అలవాటు, పాత ఫాంట్లలో అచ్చు అందంగా వస్తుందన్న నమ్మకం, పాత ఫైళ్ల గుట్టలు. అందుకే స్టడీ మెటీరియల్ చాలాచోట్ల ఇప్పటికీ అలాగే తయారవుతోంది. నా నోట్సు కూడా ఒక డీటీపీ సెంటర్‌లో కొట్టించిందే. తెలుసుకోవడానికి పెద్ద పరిజ్ఞానం అక్కర్లేదు. పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్టు చేస్తే చాలు. అక్కడ తెలుగు కనిపిస్తే తెలుగుంది. పిచ్చి గుర్తులు కనిపిస్తే స్క్రీన్ రీడర్‌కు వినిపించేదీ అవే.

రెండో రకం ఫైలులో అక్షరాలే ఉండవు. చేతిరాత నోట్సునో పుస్తకం పేజీలనో ఫోన్‌తో ఫొటో తీసి పీడీఎఫ్ చేస్తాం. అది బొమ్మ. స్క్రీన్ రీడర్ దాని ముందు మౌనంగా ఉండిపోతుంది. బొమ్మలోంచి అక్షరాలను గుర్తించే ఓసీఆర్ అనే పద్ధతి ఉంది, అచ్చు తెలుగుకు బాగానే పనిచేస్తుంది. అయినా 'ప'ను 'వ' అనీ, 'మ'ను 'య' అనీ పొరబడుతుంది, కింద ఒత్తు వదిలేస్తుంది. కథ చదివేవాళ్లు సందర్భాన్ని బట్టి సర్దుకుంటారు. రాజవంశాల పేర్లు, సంవత్సరాలు బట్టీపట్టే విద్యార్థికి ఒక్క అక్షరం తేడా అంటే ఒక మార్కు.

మూడోది అన్నిటికంటే మోసం చేసేది. యూనికోడ్‌లోనే టైపు చేసినా, పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు ఒత్తులూ సంయుక్తాక్షరాలూ వెనక చెదిరిపోయే అవకాశం ఉంది. తెరమీద 'స్వాతంత్ర్యం' అని ఉంటుంది, కాపీ చేస్తే ముక్కలుగా వస్తుంది. అందుకే ఇప్పుడు నేను పీడీఎఫ్‌తోపాటు వర్డ్ ఫైలు కూడా పంపుతున్నాను. వర్డ్ ఫైలు వల్ల ఇంకో లాభం ఉంది. శీర్షికలను లావు అక్షరాలుగా మాత్రమే వదిలేయకుండా హెడింగ్ స్టైల్ ఇస్తే, ఎన్‌వీడీఏ వాడేవాళ్లు హెచ్ అనే మీట నొక్కుతూ ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు దూకగలరు. అది లేకపోతే 60 పేజీల ఫైల్లో శాతవాహనుల దగ్గరకు వెళ్లాలంటే సింధు నాగరికత నుంచి వినుకుంటూ రావాలి. చూపున్నవాళ్లం పేజీలు తిరగేస్తూ కంటితో చేసే పనే అది.

ఒక రేవు పటం, మూడు వివరణలు

అక్షరాలు దారికి వచ్చాయనుకుందాం. బొమ్మల సంగతి? బొమ్మ వెనక స్క్రీన్ రీడర్ చదివేలా రాసిపెట్టే వివరణను ఆల్ట్ టెక్స్ట్ అంటారు. దాని గురించి అందరూ చెప్పేది ఒకటే: 'బొమ్మకు వివరణ రాయండి'. ఏం రాయాలన్నదే అసలు ప్రశ్న.

మన విశాఖ రేవునే తీసుకుందాం. 1933లో ఓడలకు తెరిచిన ఈ రేవును నేలతో చుట్టిన, సురక్షితమైన రేవు అని పాఠంలో చెబుతాం. స్లైడ్ మీద ఒక పటం పెడతాం. వివరణగా 'పటం 3' అని రాయొచ్చు. దానివల్ల ఒక పటం ఉందని తెలుస్తుంది, అంతే. 'విశాఖ నౌకాశ్రయం పటం' అని రాస్తే దేని పటమో తెలుస్తుంది. ఇంకాస్త ముందుకెళ్లి నేనిలా రాశాను: 'తూర్పున బంగాళాఖాతం. సముద్రం నుంచి పడమటికి సన్నని కాలువ లోపలికి వెళ్తుంది. దానికి దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ, ఉత్తరాన పాతపట్నం. కాలువ దాటాక లోపలి రేవు. కొండ అడ్డుండడం వల్ల అలల తాకిడి లోపలికి తగ్గుతుంది.'

బాగానే రాశాననుకున్నాను. ఆ అమ్మాయి విని, "తూర్పు, పడమర అంటే నేను బుర్రలో పటం తిప్పుకోవాలి మాస్టారూ. ఓడలో వస్తున్నట్టు చెప్పండి" అంది. మళ్లీ రాశాను. 'మీరు సముద్రం నుంచి ఓడలో లోపలికి వస్తున్నారు. ఎడమచేతి వైపు పెద్ద కొండ, డాల్ఫిన్స్ నోస్. కుడిచేతి వైపు పాతపట్నం. మధ్యలో ఓడ పట్టేంత కాలువ. అది దాటితే నీళ్లు విశాలమవుతాయి, అదే లోపలి రేవు. కెరటాల హోరు కొండకు అవతలే ఉండిపోతుంది.' ఇది విన్నాక ఆ రేవు ఎందుకు సురక్షితమో ఆమె నాకు తిరిగి చెప్పింది. చూపున్న పిల్లలు కూడా ఈ వివరణే బాగుందన్నారు. వాళ్లలో కైలాసగిరి మీంచి ఆ కొండను రోజూ చూసేవాళ్లున్నారు, అది రేవును కాస్తుందన్న సంగతి మాత్రం తట్టలేదట.

అయితే వివరణ పటంలో ఉన్నదాన్నంతా ఒలకబోయక్కర్లేదు. ఆ పటం ఏ ప్రశ్న కోసం పెట్టామో దానికి సరిపడా ఉండాలి. ప్రశ్న 'ఆంధ్ర తీరంలో రేవులను ఉత్తరం నుంచి దక్షిణానికి చెప్పండి' అయితే పై వివరణ ఎందుకూ పనికిరాదు. అప్పుడు కావలసింది విశాఖ తరవాత గంగవరం, ఆ తరవాత కాకినాడ వస్తాయన్న వరస. మాటలు ఎంత రాసినా వేలితో తడిమి తెలుసుకునే ఉబ్బెత్తు పటానికి సాటిరావన్న వాదన కూడా ఉంది, అది సరైన వాదనే. ఆన్‌లైన్ క్లాసు దాన్ని ఇవ్వలేదు. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాల్లాంటి చోట మనిషి పక్కన కూర్చుని ఇవ్వాల్సిందే.

లైవ్ క్లాసులో ఆల్ట్ టెక్స్ట్ కూడా ఉండదు, ఉన్నది మన నోరే. నా పాత రికార్డింగులు కళ్లు మూసుకుని విన్నాను. 'ఇది ఇక్కడి నుంచి ఇలా వచ్చి ఇటు కలుస్తుంది, చూశారా' అని ఒకే పాఠంలో పదిసార్లకు పైగా అన్నాను. గోదావరి గురించి చెబుతున్నానని నాకు తెలుసు కాబట్టి నాకు అర్థమైంది.

పడి, బడి, మడి: క్యాప్షన్లుంటే సరిపోతుందా

వినికిడి లేనివాళ్లకు క్యాప్షన్లు పెడితే చాలని చాలామంది అనుకుంటారు. పెదవుల కదలిక చూసి అర్థం చేసుకుంటారులే అనుకునేవాళ్లూ ఉన్నారు. అద్దం ముందు నిలబడి గొంతు లేకుండా పడి, బడి, మడి అని చూడండి. మూడింటికీ పెదవులు ఒకేలా కదులుతాయి. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే మాస్టారి ముఖమే చీకటిగా కనిపిస్తుంది, ఇక పెదవుల మాట ఎక్కడ?

యంత్రం రాసే క్యాప్షన్లకు మన క్లాసుల భాష పెద్ద పరీక్ష. 'ఈ యాక్ట్ వల్ల కౌన్సిల్ మెంబర్లు పెరిగారన్నమాట' అనే తరహాలో తెలుగూ ఇంగ్లీషూ కలిపి మాట్లాడతాం. యంత్రాన్ని తెలుగులో పెడితే ఇంగ్లీషు మాటలు చెడతాయి, ఇంగ్లీషులో పెడితే తెలుగు చెడుతుంది. ఊళ్ల పేర్లు, నదుల పేర్లు ఎటు పెట్టినా ప్రమాదమే. మనిషి ఒకసారి చూసి దిద్దాలి. దిద్దడానికి పాఠం నిడివికి కొన్ని రెట్ల సమయం పడుతుంది.

అంతకంటే లోతైన చిక్కు ఇంకొకటి ఉంది. పుట్టుకతో వినికిడి లేని చాలామందికి సైగల భాషే మొదటి భాష. తెలుగు వాళ్లకు రెండో భాష, అదీ ఎప్పుడూ వినకుండా కళ్లతో నేర్చుకున్న భాష. భారతీయ సైగల భాషకు సొంత వ్యాకరణం ఉంది. ఉదాహరణకు 'ఎక్కడ', 'ఎందుకు' వంటి ప్రశ్న మాటలు అందులో సాధారణంగా వాక్యం చివరకు వస్తాయి. కాబట్టి తెలుగు క్యాప్షన్ పెడితే వినికిడి లోపం తరవాత వచ్చినవాళ్లకు పాఠం దాదాపు పూర్తిగా అందుతుంది. సైగలతో పెరిగినవాళ్లకు అది కొత్త భాషలో రాసిన పాఠం కావచ్చు.

సైగలకే ప్రాధాన్యమివ్వాలనే వాళ్ల వాదనకు బలం ఇదే. రాతభాష రాకపోతే ఉద్యోగ పరీక్షలు రాయలేరు కదా, క్యాప్షన్ల మీదే దృష్టి పెట్టాలన్నది రెండో పక్షం. నాకు ఈ రెండూ కొట్టుకునే మాటల్లా అనిపించవు, కానీ డబ్బూ మనుషులూ తక్కువ ఉన్నప్పుడు కొట్టుకుంటాయి. సైగల వ్యాఖ్యాతలు కొద్దిమందే ఉన్నారు. కేంద్రం 2015లో దీనికోసం ప్రత్యేక పరిశోధన, శిక్షణ సంస్థను ఢిల్లీలో పెట్టింది. ఆ సంస్థ నిఘంటువు 2021 నాటికి 10,000 పదాలకు చేరింది. 2024 డిసెంబరులో, కేంద్రం టీవీలో పాఠాలు చెప్పించే పీఎం ఈ-విద్యలో సైగల భాషకు 31వ నంబరు చానల్ మొదలైంది. దారి పడింది. ఆంధ్ర చరిత్రలోని వంశాల పేర్లకూ పాలనా పదాలకూ సైగ లేకపోతే అక్షరం అక్షరం వేళ్లతో రాసి చూపడం తప్ప వ్యాఖ్యాతకు దారి లేదు.

పసుపు రంగు, జతపరచండి

ఇవి చిన్న విషయాలు, తొందరగా చెప్పేస్తాను. డబ్ల్యూసీఏజీ మధ్యస్థాయి ప్రకారం మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకూ కాంతి తేడా కనీసం 4.5కు 1 ఉండాలి. తెలుపు మీద నలుపు 21కి 1. తెలుపు మీద చిక్కటి పసుపు దాదాపు 1.07కు 1, అంటే లేనట్టే. మనం ముఖ్యమైనదని గుర్తుపెట్టే అచ్చ ఎరుపు కూడా తెలుపు మీద 4 దగ్గరే ఆగుతుంది. ముఖ్యమైనదానికి రంగు మాత్రమే గుర్తయితే, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లకు ఆ గుర్తు లేదు.

క్విజ్‌లో 'జతపరచండి' అని ఇచ్చి మౌస్‌తో లాగి కలపమంటారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లు, కీబోర్డుతోనే నడిపేవాళ్లు, మొన్ననే చెయ్యి విరిగి కట్టు కట్టించుకున్నవాళ్లు అక్కడ ఆగిపోతారు. వాళ్లకు జవాబు తెలుసు.

ఒకరికి మేలు చేసింది ఇంకొకరికి అడ్డమైతే

అందరికీ ఒకేసారి అందేలా పాఠం చేయాలన్న ఆలోచనకు యూడీఎల్ అని పేరు. 1984లో అమెరికాలో మొదలైన కాస్ట్ అనే సంస్థ దీన్ని తీర్చిదిద్దింది. విషయాన్ని ఒకటికంటే ఎక్కువ రూపాల్లో ఇవ్వడం, నేర్చుకున్నది చూపడానికి ఒకటికంటే ఎక్కువ దారులుంచడం, ఆసక్తి కలిగించడానికీ ఒకే పద్ధతిని నమ్ముకోకపోవడం దాని సారం. దీనికి ఎదురుగా ఉన్నది ఎవరికి కావలసింది వాళ్లకు విడిగా సర్దుబాటు చేయడం. మొదటిదాంట్లో విద్యార్థి తన లోపం గురించి ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు. రెండోదాంట్లో అవసరానికి కచ్చితంగా సరిపోయేది దొరుకుతుంది, కానీ అడగాలి. క్లాసు గ్రూపులో నాకు కనిపించదు అని మెసేజ్ పెట్టడానికి ఎంత టెన్షన్ పడతారో నేను చూశాను. యూడీఎల్ వల్ల మార్కులు పెరుగుతాయనడానికి ఆధారాలు ఇంకా పలుచగా ఉన్నాయని విమర్శకులంటారు. ఆ విమర్శ న్యాయమైనదే.

ఇక అసలు ఇబ్బంది. కెమెరా ఆన్ చేయమంటే పెదవులు చూసి గ్రహించే విద్యార్థికి తోటివాళ్ల మాటలు అందుతాయి. ఆటిజం ఉన్న విద్యార్థికి తెరనిండా ముప్పై ముఖాలు భరించలేనంత ఒత్తిడి కావచ్చు. మసక చూపువాళ్లలో చాలామంది నలుపు తెలుపు గట్టి తేడా కోరతారు, డిస్లెక్సియా ఉన్న కొందరికి అదే తేడా కళ్లు చెదిరేలా ఉంటుంది, లేత గోధుమ రంగు వెనక ఉంటే నయమంటారు. లైవ్‌లో ప్రశ్నలడగడం వల్ల ఏకాగ్రత నిలిచేవాళ్లుంటారు. ఆపి ఆపి రెండుసార్లు వింటేనే పట్టుబడేవాళ్లూ ఉంటారు.

ఈ తగవుల్లో కొన్నిటికి సులువైన విరుగుడు ఉంది. రంగు, సైజు, వేగం మనం నిర్ణయించి బొమ్మలో బిగించేయకుండా అక్షరాలను అక్షరాలుగానే పంపితే ఎవరి తెర మీద వాళ్లు మార్చుకుంటారు. కెమెరా సంగతి అలా తెగదు. మా బ్యాచ్‌లో మాట్లాడేవాళ్లు మాత్రమే, అదీ ఇష్టమైతేనే, కెమెరా పెడతారు. ప్రతి మాటా చాట్‌లో ఒకరు టైపు చేస్తారు. ఇది ఇద్దరికీ పూర్తిగా సరిపోలేదు. ఇద్దరూ క్లాసులో మాత్రం ఉన్నారు.

ఒకటిన్నర జీబీలో ఎన్ని పాఠాలు

రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉన్న ఇల్లు తీసుకుందాం. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున నడిచే 45 నిమిషాల వీడియోకు 2,700 మెగాబిట్లు, అంటే దాదాపు 340 ఎంబీ. నాలుగు పాఠాలకు 1,350 ఎంబీ. అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకే ఫోన్‌తో చదువుకుంటుంటే మధ్యాహ్నానికే ప్యాక్ ఖాళీ. అదే 45 నిమిషాల పాఠం 64 కిలోబిట్ల ఆడియోగా ఇస్తే సుమారు 22 ఎంబీ. వీడియో ఒక్కటి దిగే చోట ఆడియోలు పదిహేను దిగుతాయి. గట్టెక్కి సిగ్నల్ పట్టుకునే కుర్రాడికి ఈ తేడా మామూలుది కాదు. చూపు లేని అమ్మాయి కోసం, బొమ్మను మాటల్లో చెబుతూ చేసిన ఆడియోనే అతనికీ పనికొచ్చింది. అతని కోసం విడిగా నేనేమీ చేయలేదు.

చట్టం ఏమంటోంది, కోర్టు ఏమంది

2016 చట్టం 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారాన్ని శబ్ద వివరణ, సైగల అనువాదం, క్యాప్షన్లతో అందేలా చూసే బాధ్యత ప్రభుత్వాల మీద పెట్టింది. నియమాల్లో మాత్రం చాలాకాలం సలహా ధోరణే నడిచింది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టి, కనీస ప్రమాణాలు తప్పనిసరి అయ్యేలా నియమాలు రాయమంది. 2025 ఏప్రిల్ 30 నాటి ప్రజ్ఞా ప్రసూన్ తీర్పు బ్యాంకుల కేవైసీ గురించి. యాసిడ్ దాడి బాధితులను, చూపు లేనివాళ్లను కెమెరా ముందు కనురెప్పలు ఆడించమని అడగడం ఎంతటి అన్యాయమో అక్కడ చర్చకు వచ్చింది. డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమన్న మాట అక్కడిదే. అది చదువుల కేసు కాదు. ఆ సూత్రం చదువుకు వర్తించదని వాదించడం మాత్రం ఇక కష్టం.

మరి నాలాంటి చిన్న కోచింగ్ సంగతి? చట్టం ప్రైవేటు సంస్థలను కూడా తన పరిధిలోకి తీసుకుంది. సహేతుకమైన సర్దుబాటు అన్నదాన్ని నిర్వచిస్తూనే, చేసేవాళ్ల మీద మోయలేని భారం పడకూడదనీ అంది. వాదులాట అంతా 'మోయలేని' అన్న మాట చుట్టూ తిరుగుతుంది. వర్డ్ ఫైలు పంపడం ఎవరికీ మోయలేనిది కాదు. ప్రతి లైవ్ క్లాసుకూ సైగల వ్యాఖ్యాతను పెట్టడం ఒక్క మాస్టారికి మోయలేనిదే, విశ్వవిద్యాలయానికి కాదు. 1972 నుంచి దూరవిద్య నడుపుతున్న ఆంధ్ర విశ్వవిద్యాలయం లాంటి చోట ఒకసారి చేసిన పని వేలమందికి, ఏళ్ల తరబడి పనికొస్తుంది.

ఉపాధ్యాయుల పక్షం కూడా చెప్పాలి. సిలబస్, రికార్డులు, యాప్‌లలో హాజరు, వీటితోనే రోజు అయిపోతోందని వాళ్లంటున్నది నిజం. వివరణలు రాయడం, క్యాప్షన్లు దిద్దడం జీతం లేని అదనపు పనిగా వాళ్ల మీద వేస్తే రెండు నెలల్లో ఆగిపోతుంది. చట్టం ఈ బాధ్యతను సంస్థ మీద పెట్టింది, ఒక్కొక్క టీచరు మంచితనం మీద కాదు. అయితే టీచరు మాత్రమే చేయగలిగిన పని ఒకటుంది. ఆ పటం ఏ ప్రశ్న కోసం పెట్టారో ఇంకెవరికీ తెలియదు.

పరీక్ష దగ్గర మళ్లీ మొదటికి

పాఠం అందినా పరీక్ష అందకపోవచ్చు. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉన్నవాళ్లకు రాత పరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018 కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. మూడు గంటల పరీక్షకు ఒక గంట, అరగంట ఆన్‌లైన్ టెస్టుకు 10 నిమిషాలు. ఈ సమయం దయ కాదు. చూపున్న మనిషి నాలుగు ఆప్షన్లూ ఒక్క చూపులో చూస్తాడు. వినేవాళ్లు నాలుగూ వరసగా విని, మొదటిది మర్చిపోతే మళ్లీ వెనక్కి వెళ్తారు.

మేము వాడే మాక్ టెస్టుల యాప్‌లో టైమర్ అందరికీ ఒకటే, ఒక్కరికి మాత్రం పెంచే వీల్లేదు. సమయం కాగానే పేపర్ దానంతటదే సబ్మిట్ అయిపోతుంది. తయారుచేసినవాళ్లకు రెండుసార్లు రాశాను. చూస్తామన్నారు. ఈలోగా ఆ అమ్మాయికి ప్రశ్నలు వర్డ్ ఫైల్లో పంపుతున్నాను. ఆమె తన సమయంలో రాసి జవాబులు వాట్సాప్‌లో పెడుతుంది. మార్కులు వస్తున్నాయి గానీ, యాప్ వేసే ర్యాంకుల జాబితాలో ఆమె పేరు ఉండదు. "నా ర్యాంకు ఎంత మాస్టారూ?" అని మొదటి ఆదివారమే అడిగింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం రాత్రి ఆ జాబితాను వేరే షీట్‌లోకి తీసుకుని, ఆమె పేరు చేత్తో చేర్చి, మొత్తం మళ్లీ వరస పెట్టి గ్రూపులో పెడుతున్నాను. పోయిన వారం ఆమెది ఏడో ర్యాంకు.